మసకబారిన ఆ రెండు శాంపిల్స్ గురించి రాయమ్మా

ప్రశ్న:

సార్, నమస్తే. మాది ఉలవపాడు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీ కావలిలో, ఎమ్మెస్సీ ఫిజిక్స్ నెల్లూరులో చదివాను. మూడో సెమిస్టర్‌లో ఎలక్ట్రోడైనమిక్స్ పోయింది, మళ్లీ రాసి పాసయ్యాను. రెండేళ్లుగా ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈసారి గేట్ క్వాలిఫై అయ్యాను. పీహెచ్‌డీకి అప్లై చేద్దామంటే ప్రతిచోటా ‘అకడమిక్ బ్యాక్‌గ్రౌండ్, రీసెర్చ్ ఇంట్రెస్ట్స్’ అని రెండు పేజీలు రాయమంటున్నారు. నా ప్రాజెక్టు యూరోపియం అనే మూలకం కలిపిన బోరేట్ (బోరాన్‌తో చేసే) గాజు మీద. అందరూ చేసేదే, కొత్తదేం కాదు. 8 శాంపిల్స్ చేస్తే 2 మసకబారాయి, వాటిని రిపోర్టులో పెట్టలేదు. కొన్ని రీడింగ్స్ వేరే ఊరికి పంపి తెప్పించుకున్నాం. పెద్ద పెద్ద చోట్ల చదివినవాళ్ల ముందు ఇది ఎలా చూపించుకోవాలో తెలియడం లేదు. నేను రాసిన డ్రాఫ్ట్ కూడా పంపుతున్నాను. సెలవుల్లో మా నాయనకి రొయ్యల చెరువు దగ్గర సాయం చేస్తాను. తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మీటర్‌తో రీడింగ్ తీసి నోట్‌బుక్కులో రాసేది నేనే. అది ఫిజిక్స్‌కి సంబంధం లేని పని కాబట్టి డ్రాఫ్ట్‌లో పెట్టలేదు. ఇంట్లోనేమో ఇంకా చదువేంది, పెళ్లి చేసుకో అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం రాయాలి, ఏం దాచాలి?

సమాధానం:

అమ్మా, నా దగ్గర చదువుకున్న పిల్లలందరినీ నువ్వు అనే పిలిచాను. నిన్నూ అలాగే అంటాను, ఏమీ అనుకోకు. నీ ఉత్తరం చదివాను, డ్రాఫ్ట్ చదివాను, డ్రాఫ్ట్ పక్కన పెట్టి మళ్లీ ఉత్తరమే చదివాను. డ్రాఫ్ట్‌లో ఉండాల్సిన సంగతులన్నీ ఉత్తరంలో ఉన్నాయి. మసకబారిన శాంపిల్స్, చెరువు గట్టు మీద రీడింగ్స్, పోయిన పేపర్. వీటిలో ఒక్కటీ డ్రాఫ్ట్‌లోకి రాలేదు. ఏం దాచాలి అని అడిగావు. దాచాల్సింది నాకేమీ కనబడలేదు. తీసేయాల్సింది మాత్రం చాలా ఉంది.

ముందు అదే చూద్దాం. “చిన్నప్పటి నుంచి ఫిజిక్స్ అంటే నాకు ప్రాణం. మేడ మీద నిలబడి శ్రీహరికోట రాకెట్లు చూస్తూ పెరిగాను” అని మొదలుపెట్టావు. అబద్ధమని అనను. మన వైపు ఆ వెలుగు చూసి మేడ మీదికి పరుగెత్తని పిల్లలు ఎవరున్నారు? కానీ నాకు చూపించడానికి తెచ్చే కాగితాల్లో చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. చదివే మనిషికి దాన్నుంచి నీ గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. రాకెట్ గురించే రాయాలనుకుంటే ఇంకోలా రాయొచ్చు. మీ ఊరికీ శ్రీహరికోటకీ నేరుగా కొలిస్తే 150 కిలోమీటర్ల పైమాటే. భూమి వంపు అడ్డం కాబట్టి రాకెట్ సుమారు 2 కిలోమీటర్ల ఎత్తు లేచేదాకా మీ మేడ మీదికి కనబడే వీల్లేదు. లోపల టీవీలో లిఫ్టాఫ్ అన్నాక, మేడ మీద వాళ్లకి వెలుగు కనబడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఎప్పుడైనా లెక్కపెట్టావా? పెట్టి ఉంటే అది రాయి. లేదంటే రాకెట్‌ని వదిలెయ్.

తర్వాత ఆసక్తుల కింద ‘క్వాంటమ్ మెకానిక్స్, ఆస్ట్రోఫిజిక్స్, నానో మెటీరియల్స్, కండెన్స్‌డ్ మ్యాటర్’ అని వరసగా రాశావు. ఇవి సిలబస్‌లో యూనిట్ల పేర్లమ్మా. ఆ కాగితం చదివేది ఒక ల్యాబ్ నడిపే మనిషి. ఐదారేళ్లు నీతో కలిసి పనిచేయాల్సినవాళ్లు. ఈ అమ్మాయి చేతికి ఒక పని ఇస్తే, అది చెడిపోయినప్పుడు ఎందుకు చెడిందో ఆగి చూస్తుందా లేదా అన్నది వాళ్లకి కావాలి. నాలుగు సబ్జెక్టుల పేర్లు ఆ సంగతి చెప్పలేవు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. ఎమ్మెస్సీ అయ్యాక నేనూ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లాను. నాదీ గాజు మీద ప్రాజెక్టే, సీసం కలిపిన బోరేట్ గాజు. కాగితం మీద ‘క్యారెక్టరైజేషన్’ (పదార్థం గుణాలు కొలవడం) అని నాలుగు చోట్ల రాసుకున్నాను. బోర్డులో ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగారు: “అది గాజే అని నీకెలా తెలుసు?” ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలు పంపి లోపలి అమరిక చూసే పరీక్ష) తీస్తే హంప్ (గుట్టలాంటి ఆకారం) వచ్చిందండీ అన్నాను. “హంప్ ఎందుకు వస్తుంది? ఏమీ రాకుండా చదునుగా ఎందుకు ఉండదు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ గ్రాఫ్ ఏడాదంతా నా టేబుల్ మీదే ఉంది. దానికి అట్ట వేసి, పేరు రాసి, బైండింగ్ చేయించాను తప్ప ఒక్కసారీ ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ ఏడాది నాకు సీటు రాలేదు. బస్సులో ఒంగోలు వచ్చేదాకా అదే ఆలోచించాను. స్ఫటికంలో పరమాణువులు వరసలు కట్టి ఉంటాయి కాబట్టి సూదుల్లాంటి పీక్స్ వస్తాయి. గాజులో దూరపు వరస లేదు. అయినా ప్రతి పరమాణువుకీ దాని పక్కింటి పరమాణువు దాదాపు ఒకే దూరంలో ఉంటుంది. పక్కిల్లు తెలుసు, వీధి తెలియదు. అందుకే చదునుగా కాకుండా వెడల్పాటి గుట్టలా వస్తుంది. ఇది తెలిసిన తర్వాత ఆ ప్రాజెక్టు నాది అనిపించింది, అంతకుముందు అది మా గైడుగారిది.

ఇప్పుడు నీ గాజు దగ్గరికి వద్దాం. అందరూ చేసేదే అన్నావు. నిజమే, మన చుట్టుపక్కల యూనివర్సిటీల్లో రేర్ ఎర్త్ గాజు (యూరోపియం లాంటి మూలకాలు కలిపినది) మీద పనిచేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరి పొలంలోనూ వరే పండుతుంది, ఎవరి చేలో ఏ పురుగు పట్టిందో ఆ రైతుకే తెలుస్తుంది. బోరిక్ ఆసిడ్, సోడియం కార్బొనేట్, చిటికెడు యూరోపియం ఆక్సైడ్ అగేట్ మోర్టార్‌లో గంటసేపు నూరి ఉంటావు. చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. క్రూసిబుల్‌లో పోసి ఫర్నేస్‌లో పెడితే కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ బుడగలుగా పొంగి ఉంటాయి. 1000 డిగ్రీల దగ్గర కరిగిన ద్రవాన్ని పటకారుతో పట్టుకుని, ముందే వేడిచేసిన ఇత్తడి పలక మీద పోసి, పైన ఇంకో పలకతో నొక్కి ఉంటావు. ఆ తర్వాత లోపలి బిగువు పోవడానికి గంటల తరబడి అనీలింగ్. పగటి వెలుగులో ఆ బిళ్ల ఏ రంగూ లేకుండా కళ్లజోడు అద్దంలా ఉంటుంది. చీకటి గదిలో యూవీ లైట్ కింద పెట్టగానే ఎర్రగా, తడి కుంకుమలా వెలుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నీకేమనిపించిందో నాకు తెలుసు. అయినా అది కాగితం మీద రాయమని చెప్పను. ఆ ఎరుపు ఎందుకు వచ్చిందో రాయమంటాను.

394 నానోమీటర్ల దగ్గర వెలుగు కొడితే యూరోపియం అయాన్ రెండు ముఖ్యమైన గీతలు ఇస్తుంది. 590 దగ్గర నారింజ, 612 దగ్గర ఎరుపు. నారింజ గీతకి తన చుట్టూ ఏముందో పెద్దగా పట్టదు. ఎరుపు గీత మాత్రం చుట్టుపక్కల వాటాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. అయాన్ చుట్టూ ఆక్సిజన్లు అన్ని వైపులా సమంగా ఉంటే ఎరుపు బలహీనం, వంకరటింకరగా ఉంటే ఎరుపు బలం. అందుకే ఆ రెండింటి నిష్పత్తి చూస్తే గాజు లోపల అయాన్ ఎలాంటి ఇంట్లో కాపురం ఉందో చెప్పొచ్చు. జడ్, ఓఫెల్ట్ అనే ఇద్దరు 1962లో విడివిడిగా కట్టిన సిద్ధాంతం ఈ లెక్కల వెనక ఉంది. నీ రిపోర్టులో వాళ్ల పేర్లతో టేబుల్ ఉండే ఉంటుంది. ఆ టేబుల్‌లోని నంబర్లు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవా, ఒక్కటైనా చేత్తో కట్టి చూశావా? చూడకపోతే ఈ వారం కూర్చుని ఒక శాంపిల్‌కి కట్టు. ఇంటర్వ్యూలో అక్కడే తవ్వుతారు.

ఇక ఆ రెండు శాంపిల్స్. నీ ఉత్తరంలో నన్ను పట్టుకుని ఆపిన మాట అదే. ఎప్పుడు మసకబారాయి? పోయగానే పాలలా వచ్చాయా, లేక నాలుగు వారాలకి బీరువాలోంచి తీస్తే అలా కనబడ్డాయా? ఈ ఒక్క తేడాలో చాలా ఉంది. పోయగానే తెల్లబడితే చల్లారే లోపు కొంత స్ఫటికంగా మారి ఉండొచ్చు, లేదా లోపల రెండు రకాల గాజుగా విడిపోయి ఉండొచ్చు. ఎక్స్‌ఆర్‌డీలో హంప్ మీద చిన్న సూదులు లేచాయా చూస్తే మొదటిది తేలుతుంది. ఆ గ్రాఫ్ నీ దగ్గర ఉంటే వెతుకు. తర్వాత మసకబారితే అనుమానం తేమ మీదికి పోతుంది. బోరేట్ గాజుకి నీళ్లంటే మహా ఇష్టం. సముద్రం పక్కన నెల్లూరు గాలిలో డెసికేటర్ (తేమ తగలకుండా దాచే గాజు పాత్ర) మూత సరిగ్గా పడకపోతే చాలు. పైపొర అరగదీసి చూస్తే లోపల తేటగా ఉందా? ఉంటే అది పైపై తేమే. లోపలా అలాగే ఉంటే కరిగించేటప్పుడే బోరిక్ ఆసిడ్ నీరు పూర్తిగా పోలేదేమో చూడాలి. ఆ రోజు ఫర్నేస్‌లో ఎంతసేపు ఉంచావో నీ ల్యాబ్ నోట్‌బుక్కులో రాసుకున్నావా?

తేమ అయితే కథ ఇంకా బాగుంటుంది. నీటిలోని ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) బంధం చాలా వేగంగా కంపిస్తుంది. యూరోపియం ఎర్రగా వదలాల్సిన శక్తిని ఆ కంపనం లాగేసుకుని వేడిగా మార్చేస్తుంది. దీన్నే క్వెంచింగ్ అంటాం, వెలుగును ఆర్పడం. మామూలు నీటిలో యూరోపియం అయాన్ వెలుగు సుమారు 0.1 మిల్లీసెకనులో ఆరిపోతుంది. అదే భారజలంలో, హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న చోట, కొన్ని మిల్లీసెకన్లు నిలుస్తుంది. డ్యూటీరియం బరువెక్కువ, కంపనం నెమ్మది, శక్తిని లాగడం దానికి కష్టం. అంతే తేడా. అంటే వెలుగు ఎంతసేపు నిలిచిందో కొలిస్తే అయాన్ పక్కన నీళ్లున్నాయా లేదా అన్నది తెలిసిపోతుంది. నువ్వు పక్కన పడేసిన ఆ రెండు బిళ్లలు, మిగిలిన ఆరింటికంటే ఎక్కువ మాట్లాడే బిళ్లలు కావచ్చు.

ఇప్పుడు మీ నాయన చెరువు. ఇది చదివి నేను నిజంగా కుర్చీలోంచి లేచాను.

రాత్రి పూట వెలుతురు ఉండదు కాబట్టి నీళ్లలోని ఆకుపచ్చ జీవులు ఆక్సిజన్ తయారు చేయవు. రొయ్యలు, పాచి, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే సూర్యుడు రాకముందు డీవో అన్నిటికంటే కిందికి పడుతుంది. నీళ్లు వెచ్చగా, ఉప్పగా ఉంటే పట్టే ఆక్సిజనే తక్కువ. ఆ టైంలో కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మిషన్లు) ఆగితే జనరేటర్ స్టార్ట్ అయ్యేదాకా మీ నాయన గుండె ఎలా కొట్టుకుంటుందో నీకు చెప్పక్కర్లేదు. డీవో 4 పీపీఎం (లీటరుకి 4 మిల్లీగ్రాములు) కిందికి పోకుండా కాపాడుకోవడం కోసమే నువ్వు ఆ చీకట్లో గట్టు మీద కూర్చుంటున్నావు. దాన్ని ఫిజిక్స్‌కి సంబంధం లేనిది అంటున్నావు.

నీ చేతిలో ఉన్న మీటర్ ఏ రకమో చూడు. పాత రకం అయితే పలుచని పొర వెనక ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కొత్త ఆప్టికల్ రకం అయితే దాని కొనలో ఒక వెలిగే రంగు పూత ఉంటుంది, రుథేనియం లేదా ప్లాటినం సమ్మేళనం. దాని మీద లోపలి నుంచి వెలుగు కొడతారు, అది తిరిగి వెలుగుతుంది. నీళ్లలోని ఆక్సిజన్ అణువు వచ్చి తగిలితే ఆ వెలుగు ఆరిపోతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే వెలుగు త్వరగా ఆరుతుంది, తక్కువైతే ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ ఆరే సమయం నుంచే మీటర్ డీవో లెక్కకడుతుంది. 1919లో స్టెర్న్, ఫోల్మర్ ఇచ్చిన సమీకరణం దీనికి ఆధారం. అమ్మా, నీ గాజులో నీరు చేసే పనీ, ఆ మీటర్ కొనలో ఆక్సిజన్ చేసే పనీ ఒకే కుటుంబం. దారి వేరు, అణువులు వేరు. యూరోపియం గాజు ఆక్సిజన్‌కి ఇలా స్పందించదు కాబట్టి రెండూ ఒకటే అని మాత్రం ఎక్కడా రాయకు. కానీ రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ వెలుగును ఏది, ఎంత వేగంగా ఆర్పుతోంది?

అదే నీ రీసెర్చ్ ఇంట్రెస్ట్. సబ్జెక్టు పేరు కాకుండా నీ చేతుల మీదుగా రెండుసార్లు పోయిన ప్రశ్న. ఆస్ట్రోఫిజిక్స్ మీద నీకు ఇష్టం లేదని కాదు. కానీ దానిలో నువ్వు గడిపిన రోజులు ఎన్ని? ఇష్టం ఉంటే పుస్తకాలు చదువుకో, ఆకాశం చూడు. ఈ కాగితంలో మాత్రం రోజులు గడిపిన చోటే నిలబడు.

ప్రాజెక్టు గురించి ఇలా రాయొచ్చు. ఇది నమూనా మాత్రమే, నీ విషయంలో ఏది నిజమో అదే పెట్టు:

“ఎమ్మెస్సీ ప్రాజెక్టులో యూరోపియం కలిపిన బోరేట్ గాజు శాంపిల్స్ 8 తయారు చేశాను. మిశ్రమం నూరడం, కరిగించడం, అనీలింగ్ నేనే చేశాను. ఫోటోల్యూమినిసెన్స్ కొలతలు బయటి ల్యాబ్‌లో తీయించాం, గ్రాఫుల విశ్లేషణ నాది. 2 శాంపిల్స్ నాలుగు వారాల్లో మసకబారాయి, రిపోర్టులో వాటిని చేర్చలేదు. తేమ పట్టిన గాజులో వెలుగు నిలిచే సమయం ఎలా మారుతుందో అప్పుడే కొలిచి ఉండాల్సింది. మా కుటుంబానికి రొయ్యల చెరువు ఉంది. అక్కడ ఆక్సిజన్ రీడింగ్స్ తీస్తూ, ఆప్టికల్ మీటర్లు కూడా వెలుగు ఆరే సమయాన్నే కొలుస్తాయని తెలుసుకున్నాను. ల్యూమినిసెన్స్ క్వెంచింగ్ మీద, దానితో పనిచేసే సెన్సార్ల మీద పనిచేయాలని ఉంది.”

ముందు తెలుగులోనే రాసుకో. నీకు ఆలోచన వచ్చే భాషలో వాక్యం తిన్నగా నిలబడితే ఇంగ్లిష్‌లోకి అదే తిన్నగా వస్తుంది. నెట్‌లో దొరికే నమూనాల్లోంచి వాక్యాలు ఎత్తుకోకు, చదివేవాళ్లు వాటిని వందసార్లు చూసి ఉంటారు. బయట తీయించిన రీడింగ్స్‌ని బయట తీయించినవనే చెప్పు. మిషన్ లేకపోవడం నీ తప్పు కాదు, ఎవరికీ అది తెలియనిదీ కాదు. నువ్వు నడపని మిషన్‌ని నడిపినట్టు రాసి, స్లిట్ విడ్త్ (వెలుగు దూరే చీలిక వెడల్పు) ఎంత పెట్టావు అని అడిగితే తెల్లముఖం వేయడం మాత్రం పెద్ద దెబ్బ.

బ్యాక్‌గ్రౌండ్‌లో మిగిలినవి తొందరగా చెబుతాను, వాటికి అంత చోటు అక్కర్లేదు. తెలుగు మీడియం ఒక్క వాక్యం, జాలి అడిగినట్టు కాకుండా వివరంగా: పది దాకా ఇక్కడ, ఇంటర్ నుంచి ఇంగ్లిష్‌లో. ఎలక్ట్రోడైనమిక్స్ పోయిన సంగతి మార్కుల లిస్టులో ఎలాగూ కనబడుతుంది. ఒకసారి పోయింది, మళ్లీ రాసి ఇన్ని మార్కులు తెచ్చుకున్నాను అని చెప్పి ముందుకెళ్లు, కారణాలు చెప్పుకోకు. కాకపోతే ఇంటర్వ్యూలోపు ఆ సబ్జెక్ట్ గట్టిగా చదువు. డైపోల్ రేడియేషన్ నీ గాజు లెక్కల్లోనే ఉంది, అక్కడే పట్టుకుంటారు. పాఠాలు చెప్పిన రెండేళ్లని గ్యాప్ అనకు. ఇంటర్ పిల్లలకి ఏ చాప్టర్ చెప్పినప్పుడు నీకే కొత్తగా అర్థమైందో ఒక్కటి రాస్తే చాలు. పోటీల్లో ప్రైజులు, ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్లు రెజ్యూమేలో ఉండనీ, ఇక్కడొద్దు.

ఎక్కడికి పంపాలి అన్నది నువ్వు అడగలేదు కానీ చెబుతాను. గాజు మీదే ఉండాలనుకుంటే కోల్‌కతాలో సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి) వాళ్ల సెంట్రల్ గ్లాస్ అండ్ సెరామిక్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. సెన్సార్లు, పరికరాలు అంటే చండీగఢ్‌లో వాళ్లదే పరికరాల సంస్థ సీఎస్‌ఐఓ. దగ్గర్లో అంటే తిరుపతి ఐఐటీ, ఐఐఎస్‌ఈఆర్ రెండూ 2015 నుంచి ఉన్నాయి. శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీలో రేర్ ఎర్త్ గాజు పని చాలా ఏళ్లుగా జరుగుతోంది. చెరువుల వైపు నుంచి మాట్లాడాలంటే చెన్నైలో ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ, సీబా, ఉంది. అక్కడ నువ్వు పీహెచ్‌డీ చేయకపోయినా సెన్సార్ పని చేసేవాళ్లకి వాళ్ల సమస్యలు తెలియాలి. గేట్ ఒక్కదాని మీదే ఆధారపడకు. సీఎస్‌ఐఆర్ నెట్, జెస్ట్ కూడా రాయి, రాష్ట్ర యూనివర్సిటీలకైతే ఆర్‌సెట్. ప్రతి చోటికీ ఒకే కాగితం పంపొద్దు. ఎవరి దగ్గర చేరాలనుకుంటున్నావో వాళ్లవి ఈమధ్య వచ్చిన రెండు పేపర్లు చదివి, అర్థం కాని చోటు ఒకటి గుర్తుపెట్టుకుని, దాని గురించి నాలుగు లైన్ల మెయిల్ పెట్టు. రెస్పెక్టెడ్ సర్ అని మూడు పేరాల పొగడ్త వద్దు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఇంకోసారి రాయి. రికమండేషన్ లెటర్ కోసం మీ గైడుగారిని చివరి రోజు అడగకు, మూడు వారాల ముందే నీ డ్రాఫ్ట్ చేతికిచ్చి అడుగు. అది చదివితే ఆయన రాసేదీ బాగుంటుంది.

ఇంట్లో సంగతి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు ఇస్తున్నారు, సీనియర్ ఫెలో అయ్యాక 42,000. హాస్టల్ లేని చోట ఇంటద్దె భత్యం వేరే. ఇది మీ నాయనకి అంకెలతో చెప్పు. పీహెచ్‌డీ అంటే ఇంకా ఫీజులు కట్టే చదువు అని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు, ఆయనా అలాగే అనుకుంటూ ఉండొచ్చు. ఇదొక ఉద్యోగంలాంటిదని, జీతం మీదే బతకొచ్చని తెలిస్తే మాట తీరు మారుతుంది. పెళ్లి వద్దని పోట్లాడమని చెప్పను, అది నీ ఇష్టం, నీ టైము. కానీ లక్షల పంట పెట్టిన చెరువుకి తెల్లవారుజాము రీడింగ్ నీకు అప్పగించిన మనిషి ఆయన. ఏరియేటర్ వెయ్యాలా వద్దా అన్నది నీ మాట మీద తేల్చుకుంటున్నారు. నీ మాట మీద ఆయనకి నమ్మకం లేదని నాకు అనిపించడం లేదు. మీటర్ కొనలో వెలుగు ఎలా ఆరుతుందో ఒకసారి గట్టు మీదే ఆయనకి చెప్పి చూడు, తెలుగులో. రెండు పేజీలు రాయడానికి అంతకంటే మంచి రిహార్సల్ లేదు.

రెండో డ్రాఫ్ట్ పంపేటప్పుడు మూడు విషయాలు కూడా పంపు. ఆ రెండు శాంపిల్స్ ఇంకా ఉన్నాయా, ఉంటే యూవీ కింద పెట్టి మిగతావాటి పక్కన ఫోటో తీయి. ఫోన్ కెమెరా తనంతట తాను వెలుగు సర్దేస్తుంది, కాబట్టి అన్నిటినీ ఒకే ఫోటోలో పెట్టు. మీ మీటర్ కంపెనీ వాళ్లు ఇచ్చిన పుస్తకంలో ఏ రకం ప్రోబ్ అని రాశారో చూడు. ఇక మీ నాయన నోట్‌బుక్కు. తేదీ, టైము, డీవో, నీళ్ల వేడి వరసగా రాసి ఉంటాయి కదా, ఏరియేటర్ ఆన్ చేసిన టైము కూడా పక్కన ఉందా? ఉంటే ఒక నెల పేజీలు నాకు పంపు. ఆన్ చేశాక డీవో ఎంత వేగంగా లేచిందో ఇద్దరం కలిసి ఒక గ్రాఫ్ గీద్దాం.